‘మారడం’ అనే క్రియ, ఒక తోడేలు సినిమా

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక్క క్రియ దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను, సాయం కావాలి.

తెలిసినవాళ్ల కోసం ఒక చిన్న ఇంగ్లీషు సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. ఒకే గదిలో అద్దెకుండే ఇద్దరు కుర్రాళ్లు. అందులో ఒకడు పున్నమికి తోడేలవుతాడు. వాళ్లిద్దరూ ప్రేమించుకుంటున్నారని సినిమాలో ఎవరూ పైకి అనరు, ఆ బరువంతా తోడేలే మోస్తుంది. డబ్బు లేని సినిమా కాబట్టి ఆ తోడేలు కనిపించేది అర నిమిషం కూడా ఉండదు. వాడు బాత్‌రూమ్‌లోకి పోయి గడియ పెట్టుకుంటాడు, కుళాయి తిప్పి వదిలేస్తాడు, తలుపు కింద సందులోంచి నీళ్లు బయటికి పారుతుంటాయి. రెండోవాడు తలుపు బాదుతుంటే లోపల్నుంచి ఒకే మాట. దానికి ‘మారుతున్నాను’ అని రాశాను. తెర మీద రెండు సెకన్లు, చక్కగా సరిపోయింది.

తర్వాత ఆ తోడేలయ్యేవాడి అమ్మ ఫోన్‌లో ఎవరితోనో, ‘వయసొస్తే మారతాడులే’ అంటుంది. చివర్లో రెండోవాడు ‘ఎప్పట్నుంచి ఇలా మారావు?’ అని అడిగితే వీడి జవాబు ‘మారలేదు’. ఇంగ్లీషులో ఈ చోట్ల వేర్వేరు మాటలున్నాయి. నా తెలుగులో అన్నీ ఒకే క్రియలో పడ్డాయి. రోగానికీ అదే మాట, మందుకీ అదే మాట. ఉంచనా, తీసేయనా?

ఇంకో చిక్కు. వేర్‌వుల్ఫ్‌కి తెలుగేమిటి? ‘తోడేలు మనిషి’ అంటే తోడేలు లాంటి మనిషా, తోడేలయ్యే మనిషా తెలియదు. 2022లో హిందీ ‘భేడియా’ని మనకు ‘తోడేలు’ అనే పేరుతోనే విడుదల చేశారు. మనిషిని పేరులోంచి తీసేసి పని కానిచ్చారు.

వ్యాఖ్య: పాత ఇంగ్లీషులో ‘వేర్’ అంటే మగవాడు. లాటిన్ ‘విర్’కీ, మన సంస్కృత ‘వీర’కీ అది చుట్టం. ‘వుల్ఫ్’ మన ‘వృక’కి చుట్టం. భీముణ్ణి వృకోదరుడనేది ఈ వృకం వల్లనే. అంటే వేర్‌వుల్ఫ్‌ని వేరు పట్టుకుని తెస్తే ‘వీరవృకం’ అవుతుంది. ఫ్రెంచివాళ్ల ‘లూ గరూ’ ఇంకా తమాషా. ‘గరూ’లోనే మనిషీ తోడేలూ ఉన్నారు, అది మర్చిపోయి ముందు ‘లూ’ అని ఇంకో తోడేలుని తగిలించారు. మనం ‘నడిసెంటర్’ అన్నట్టు.

వ్యాఖ్య: మాస్టారూ, ‘వీరవృకం’ అని వేస్తే జనం పౌరాణిక నాటకం అనుకుని కొబ్బరికాయ కొడతారు.

వ్యాఖ్య: ‘కామరూపి’ లేదా? మారీచుడు బంగారు లేడి అయ్యాడు కదా.

నా జవాబు: కామరూపి తనకు ఇష్టమైనప్పుడు రూపం మారుస్తాడండీ. వీడికి ఇష్టాయిష్టాలతో పని లేదు. దగ్గరి చుట్టమంటే కల్మాషపాదుడు. ఆదిపర్వంలో శాపం తగిలి నరమాంసం తినే రాక్షసుడయిన రాజు. కానీ అక్కడ రాజు చేసిన తప్పుంది. దారి ఇవ్వనన్నాడు, మునిని కొరడాతో కొట్టాడు. మా కుర్రాడు ఎవర్నీ కొట్టలేదు.

1941లో వచ్చిన ‘ది వుల్ఫ్ మ్యాన్’లో ఒక పద్యం ఉంది. మనసు నిర్మలంగా ఉండి, రాత్రి ప్రార్థన చేసుకునేవాడు కూడా తోడేలు కావచ్చు అని దాని సారం. చాలామంది అది యూరప్ జానపదుల పాత పద్యమనుకుంటారు. నిజానికి సినిమా రాసిన కర్ట్ సియోడ్‌మాక్ సొంతంగా కట్టినదే. ఆయన నాజీల కాలంలో జర్మనీ వదిలి వచ్చిన యూదుడు. ఏ తప్పూ చేయనివాణ్ణి వేటాడటమంటే ఏమిటో తెలిసినవాడు. ఇంకో ముచ్చట, ఆ పద్యంలో మొదట పున్నమి లేదు, శరత్కాలపు చంద్రుడే. 1943 సీక్వెల్‌లో ఆఖరి పాదం మార్చి నిండు చంద్రుణ్ణి తెచ్చారు.

వ్యాఖ్య: నాకు ఈ పోలికే నచ్చలేదు. మగవాణ్ణి ప్రేమించిన మగవాణ్ణి మృగమంటారా? పైగా కాటు వేస్తే ఎదుటివాడికీ అంటుకుంటుందట.

నా జవాబు: మీ కోపం న్యాయమే మేడమ్. 1985 ‘టీన్ వుల్ఫ్’లో హీరో ‘నీకో విషయం చెప్పాలి’ అని మొదలుపెడితే, గే అని చెప్పబోతున్నాడేమోనని స్నేహితుడు తిట్టు మాటతో సహా హడలిపోతాడు. అది కాదు, తోడేలునంటాడు వీడు. అది జోకు! 1988లో ‘కర్స్ ఆఫ్ ది క్వియర్‌వుల్ఫ్’ అని ఇంకా చవగ్గా తీసిన కామెడీ వచ్చింది. అందులో మీరన్న కాటే కథ. ఎయిడ్స్ భయం ఊరంతా ఉన్న రోజుల్లో ఆ నవ్వు ఎవరి మీదో చెప్పక్కర్లేదు.

కానీ ఇదే పోలిక అంతకుముందు వేరేలా ఉండేది. 12వ శతాబ్దంలో మేరీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి రాసిన ‘బిస్‌క్లావ్రే’ కథ చూడండి. వారానికి మూడు రోజులు తోడేలయ్యే ఒక వీరుడు. మళ్లీ మనిషి కావాలంటే విడిచిన బట్టలు కావాలి. ఆ రహస్యం భార్యకు చెబితే, ఆమె తన వెంట పడుతున్నవాడి చేత బట్టలు దొంగిలిస్తుంది. అడవిలో దొరికిన తోడేలుని రాజు తన దగ్గరే ఉంచుకుంటాడు. తర్వాత అది భార్య ముక్కు కొరికేస్తుంది (మన శూర్పణఖ గుర్తొచ్చింది కదా). చివరికి బట్టలు తిరిగి ఇప్పించి రాజు తన గదిలో వదిలి వస్తాడు. కాసేపటికి వెళ్లి చూస్తే రాజుగారి మంచం మీద ఆ వీరుడు నిద్రపోతున్నాడు. రాజు పరుగున వెళ్లి కావలించుకుని, వందసార్లకు పైగా ముద్దు పెట్టుకున్నాడని రాసింది. వందసార్లు! అక్కడ తోడేలని భయపడి వదిలించుకున్నది భార్య, రాజు కాదు.

వ్యాఖ్య: ‘ప్రకృతి విరుద్ధం’ అనే మాట, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 377 గురించి ఎన్నేళ్లు చదివామో. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన మర్నాడు కూడా పేపర్లలో ‘స్వలింగ సంపర్కులు’ అనే రాశారు. సంపర్కం దగ్గరే ఆగిపోయే మాట అది, అందులో ప్రేమకు చోటు లేదు. వ్యాకరణంలో మాత్రం వికృతి అంటే తప్పు కాదు. సింహం ప్రకృతి, సింగం వికృతి, రెండూ నిఘంటువులో పక్కపక్కనే ఉంటాయి.

వ్యాఖ్య: మీ పోస్టు నాలుగుసార్లు చదివాను. ‘పెళ్లి చేస్తే మారతాడు’ అని మా ఇంట్లో నా గురించి అన్నారు. మా మేనత్త వంటింట్లో పప్పు ఎనుపుతూ అంది, నేను హాల్లో ఉన్నాను. ఆ క్రియ తీసేయకండి.

వ్యాఖ్య: చివర్లో ‘బయటపడ్డాను’ పెడితే? దొరికిపోవడం, గండం తప్పడం, రెండర్థాలూ వస్తాయి.

నా జవాబు: మాట బాగుంది గానీ అక్కడ వాడికి గండం తప్పలేదు తమ్ముడూ, తెల్లవారిందంతే.

వ్యాఖ్య: క్రియ మూడు చోట్లా అదే ఉంచండి, కర్తని మార్చండి. అమ్మ మాటలో కర్త వాడు. ‘మారతాడు’. బాత్‌రూమ్‌లో ‘మారుతున్నాను’ అంటే వాడే అమ్మ మాట ఒప్పుకున్నట్టవుతుంది. అక్కడ ‘ఒళ్లు మారుతోంది’ అనిపించండి. చివర ‘నేను మారలేదు’. తెలుగులో మామూలుగా ‘నేను’ వదిలేస్తాం కాబట్టి, పెట్టినప్పుడు దాని మీద కన్ను పడుతుంది.

నా జవాబు: ఇప్పుడే వేసి చూశాను మాస్టారూ. ‘ఒళ్లు మారుతోంది’ అన్నప్పుడు తలుపు కింద నీళ్లు వస్తున్నాయి, రెండు సెకన్లలో పట్టింది. ‘నేను మారలేదు’ మాత్రం వాడు నోరు మూసేశాక కూడా కాస్త తెర మీదే ఉంటోంది. దాన్ని అలాగే వదిలేస్తున్నాను. వేర్‌వుల్ఫ్ సంగతి ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి ‘తోడేలు’ అనే రాశాను.