పేవర్ల మీద ఐస్‌కి ఏం చల్లుతున్నారు?

అమెరికాలో మిన్నియాపొలిస్ చుట్టుపక్కల ఉండేవాళ్లు కాస్త సాయం చేయండి. ఈ ఇల్లు కొన్నాక మాకిది మొదటి చలికాలం. డ్రైవ్‌వే, గుమ్మం దాకా నడిచే దారి రెండూ కాంక్రీట్ పేవర్లే (నేల మీద పక్కపక్కన పరిచే దిమ్మలు). వేసవిలో చూసి తెగ మురిసిపోయాం.

మంచుతో పెద్ద ఇబ్బంది లేదు, పడగానే ప్లాస్టిక్ పారతో తోసేస్తున్నా. గొడవంతా పైకప్పు నీళ్ల గొట్టంతోనే. మధ్యాహ్నం ఎండకి కరిగిన నీళ్లు దారి మీదకి పారి, చీకటి పడేసరికి అద్దంలా గడ్డకడుతున్నాయి. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ మొన్న అక్కడే జారి కూలబడింది. దెబ్బేమీ తగల్లేదు గానీ, అప్పటినుంచి గడప దాటనంటోంది. (బూట్లు వేసుకోమంటే వినదు, అది వేరే కథ.)

మామూలు రాతి ఉప్పు 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందకి వెళ్తే పెద్దగా పనిచేయదు. పైగా పేవర్ల పైపొర పెచ్చులూడుతుందని భయం. కాల్షియం క్లోరైడ్ సున్నా ఫారెన్‌హీట్ కిందా కరిగిస్తుంది, కానీ రాతి ఉప్పులాగే అదీ క్లోరైడే కదా, పేవర్లకి అదే భయం. కాల్షియం మెగ్నీషియం ఎసిటేట్ కాంక్రీట్‌కి అంతగా హాని చేయదు, అయితే ధర ఎక్కువ, గట్టి చలిలో చేతులెత్తేస్తుంది.

జనవరి చలికి మీరు ఏది వాడారు? రెండు మూడేళ్ల తర్వాత పేవర్లు ఎలా ఉన్నాయి? ఉత్త ఇసుక చల్లితే కాలికి పట్టు సరిపోతుందా? ఆ గొట్టాన్ని గడ్డి వైపు తిప్పడం ఈ గడ్డకట్టిన నేలలో ఇప్పుడే కుదురుతుందా, వసంతం దాకా ఆగాలా?