సైన్యం వదిలాక విమాన సంస్థ పెట్టే వరకు కెప్టెన్ గోపీనాథ్ ఏం చేశారు?

ప్రశ్న:
'ఆకాశం నీ హద్దురా' సినిమా చూసినప్పటి నుంచి ఎయిర్ దక్కన్ వ్యవస్థాపకులు కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ గారి గురించి చదువుతున్నాను. 1971 యుద్ధంలో పాల్గొన్న ఆ సైనికాధికారి ఇరవై ఎనిమిదో ఏటనే ఉద్యోగం వదిలేశారట. ఎయిర్ దక్కన్ విమానం ఎగిరింది మాత్రం 2003లో. నడుమ అన్ని సంవత్సరాలు ఆయన ఏ పని మీద ఉన్నారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
వ్యవసాయం చేశారండీ. నా దృష్టిలో ఆయన జీవితంలో అతి కష్టమైన మలుపు విమానాలది కాదు, ఇదే. హేమావతి ఆనకట్ట కింద గొరూరులోని పూర్వీకుల భూమి మునిగిపోగా, పరిహారంగా హాసన్ జిల్లాలోనే మరోచోట బీడు భూమి ఇచ్చారు. సైన్యం నుంచి వచ్చిన కొద్దిపాటి సొమ్ముతో ఆయన ఆ బీడులోనే గుడారం వేసుకుని, కొబ్బరి తోట పెంచి, రసాయనాల వాడకం తగ్గిస్తూ పట్టుపురుగుల పెంపకం సాగించారు. ఆ కృషికి 1996లో రోలెక్స్ పురస్కారం లభించింది. సినిమాలో ఈ భాగం లేకపోవడం నాకు పెద్ద లోటుగానే అనిపించింది.

సమాధానం 2:
పై సమాధానానికి ఒక చేర్పు. పొలం నుంచి ఆయన నేరుగా ప్రయాణికుల విమానాలకు రాలేదు. సైన్యంలో పైలట్‌గా పనిచేసిన మిత్రుడు కెప్టెన్ శామ్యూల్‌తో కలిసి 1997లో హెలికాప్టర్లను అద్దెకు నడిపే దక్కన్ ఏవియేషన్ ప్రారంభించారు. ఆ అనుభవం మీదనే, భోజనం వంటి హంగులు తగ్గించి చౌక టిక్కెట్లతో చిన్న పట్టణాలను కలిపే ఎయిర్ దక్కన్ నిలబడింది. 2003లో వెంకయ్యనాయుడు గారి వంటి ప్రముఖులతో హైదరాబాదు నుంచి విజయవాడకు బయలుదేరవలసిన విమానం ఇంజనులో మంటలు చెలరేగినా ఎవరికీ హాని జరగలేదు. తొలినాళ్లలోనే అంత పెద్ద దెబ్బ తగిలినా సర్వీసులు ఆపకుండా నడిపించడంలో నాకు ఆయన సైనిక శిక్షణే కనబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా నాన్నగారూ సైన్యంలో పనిచేసి వచ్చి ఇప్పుడు సేద్యం చేస్తున్నారు కనుక, ఆ గుడారపు రోజుల గురించి ఆయనకు తప్పక చెబుతాను. ఎయిర్ దక్కన్ చివరకు ఏమైంది?

సమాధానం 1:
నష్టాలు పెరగడంతో 2007లో విజయ్ మాల్యా వర్గం అందులో పెద్ద వాటా కొన్నది. మరుసటి ఏడాది అది కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. ఆ తరువాత గోపీనాథ్ గారు సరుకు రవాణా విమానాల సంస్థ దక్కన్ 360 నెలకొల్పారు గానీ అది ఎక్కువ కాలం నిలవలేదు.