2 ఘాతం ఎక్స్ గీత అక్షాన్ని ఎందుకు తాకదు?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థిని తండ్రి, అనంతపురం):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతూ ఘాతాంక ప్రమేయాల దగ్గర ఆగిపోయింది. 2³ అంటే మూడు రెండ్లను గుణించడమని దానికి తెలుసు. 2⁰ అన్నప్పుడు రెండును ఒక్కసారి కూడా వేయలేదు గదా, మరి సున్నా రాకుండా 1 ఎట్లా వచ్చిందని అడిగితే నేను చెప్పలేకపోయాను. నిన్న రాత్రి గ్రాఫు కాగితం మీద గీస్తే ఎడమవైపు గీత ఎక్స్ అక్షంలో కలిసిపోయింది. పుస్తకంలో మాత్రం ఎన్నటికీ తాకదని ఉంది. నేను పదో తరగతితో చదువు మాని వేరుశనగ సేద్యంలో ఉన్నవాణ్ణి. అయినా సూత్రాలను బట్టీ పట్టమని బిడ్డకు చెప్పడం నాకు ఇష్టం లేదు. దయచేసి వివరించగలరు.

జవాబు (లెక్కల అయ్యవారు, కడప):

అమ్మాయి అడగవలసిన చోటనే అడిగిందండీ. "ఎన్నిసార్లు గుణించాము" అనే అర్థం 1, 2, 3 వంటి ఘాతాంకాలకే సరిపోతుంది, సున్నా దగ్గర అది చెల్లదు. అక్కడి నుంచి మనం పట్టుకోవలసింది ఒక్క న్యాయాన్నే: ఘాతాంకాలను కూడితే విలువలు గుణించుకుంటాయి. 2³ × 2⁴ = 2⁷ అన్నది అదే. ఈ న్యాయం సున్నాకు కూడా నిలవాలంటే 2³ × 2⁰ అన్నది 2³ గానే ఉండాలి, అంటే 8ని దేనితో గుణిస్తే మళ్లీ 8 వస్తుందో అదే 2⁰. అది 1 తప్ప మరొకటి కాదు. 2³ × 2⁻³ = 2⁰ = 1 కనుక 2⁻³ విలువ ఎనిమిదో వంతు. ఘాతాంకం అర అయినప్పుడు, తనను తాను గుణించుకుంటే 2 అయ్యే ధన సంఖ్య, అంటే రెండు వర్గమూలం వస్తుంది. భూమి, అంటే ఘాతాంకాన్ని మోసే సంఖ్య (ఇక్కడ 2), ధన సంఖ్యే కావాలనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: భూమి −2 అయితే, ఘాతాంకం అర దగ్గర, వర్గం చేస్తే −2 వచ్చే వాస్తవ సంఖ్య కావాలి, అటువంటిది లేదు.

ఇక గ్రాఫు. సెంటీమీటరుకు ఒక యూనిట్ చొప్పున గీసి ఉంటే, ఎక్స్ −5 దగ్గర గీత ఎత్తు సెంటీమీటరులో 32వ వంతు, అంటే దాదాపు 0.3 మిల్లీమీటర్లు. అమ్మాయి 0.5 పెన్సిల్ వాడి ఉంటే ఆ సందు కంటే పెన్సిల్ గీతే లావు. అందువల్ల కలిసినట్లు కనిపించింది గాని, అడుగు అడుగుకూ సగమవుతున్న ధన సంఖ్య సున్నా కాలేదు. అదే కాగితాన్ని కుడివైపు 10 దాకా పొడిగిస్తే 1,024 సెంటీమీటర్ల ఎత్తు కావాలి, అంటే పది మీటర్లు దాటుతుంది.

జవాబు (డిగ్రీ విద్యార్థిని, కర్నూలు):

అయ్యవారు చెప్పినదానికి మన ఊళ్ల ఉదాహరణ ఒకటి కలుపుతాను. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చి ప్రామిసరీ నోటు రాశారనుకుందాం. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది కాబట్టి ఆ లోపే వడ్డీని అసలులో కలిపి తిరగరాయిస్తారు. మూడేళ్లకు 86,000, ఆరేళ్లకు 1,47,920, తొమ్మిదేళ్లకు దాదాపు 2,54,422. తిరగరాయకుండా బారువడ్డీయే లెక్కగడితే తొమ్మిదేళ్లకు 1,58,000 మాత్రమే, దాని గ్రాఫు సరళరేఖ. తిరగరాసిన నోటులో ప్రతి మూడేళ్లకూ బాకీ 1.72 రెట్లవుతుంది. పెరిగిన మొత్తాలను, అంటే 36,000, 61,920, 1,06,502లను, వరుసగా చూస్తే అవి కూడా 1.72 రెట్లే పెరుగుతున్నాయి. పెరుగుదల కూడా తన మాదిరిగానే పెరగడమే ఈ ప్రమేయం స్వభావమని నాకు ఈ లెక్కతోనే అర్థమైంది.

ఇంకొక మాట. ఎక్స్ వర్గాన్నీ 2 ఘాతం ఎక్స్‌నూ చాలామంది కలగలుపుతారు. 3 దగ్గర వర్గమే పెద్దది, 9కి 8. 4 దగ్గర రెండూ 16. 20కి వస్తే వర్గం 400, ఘాతాంక ప్రమేయం 10,48,576.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నోటు లెక్క నేనే కాగితం మీద వేసి అమ్మాయికి చూపించాను, అటువంటి నోట్లు నేనూ రాసినవాణ్ణే. అది ఇప్పుడు 2 ఘాతం (ఎక్స్ + 3) గీసి, ఇది పాత గీతనే మూడు గడులు ఎడమకు జరిపినట్లుందనీ, ప్రతి ఎత్తునూ ఎనిమిది రెట్లు చేసినా ఇదే వస్తుందనీ అంటోంది. రెండూ ఒకటేనా?

జవాబు (లెక్కల అయ్యవారు, కడప):

ఒకటేనండీ. 2 ఘాతం (ఎక్స్ + 3) అంటే 2 ఘాతం ఎక్స్‌ను 2³తో గుణించడమే. మేము చెప్పకుండానే అమ్మాయి ఆ న్యాయాన్ని గీతలో చూసింది. ఇక 3 ఘాతం ఎక్స్‌ను కూడా అదే కాగితం మీద గీయమనండి, రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో, ఎందుకు అక్కడే కలుస్తాయో తననే చెప్పనివ్వండి.