లంబసింగిలో పడింది స్నోనా కాదా? నిన్నటి నుంచి మా ఇంట్లో ఇదే గొడవ

మూడులాంతర్ల_అప్ప:
చిన్న విషయమే గానీ నిన్న మా ఇంట్లో కంచాల దగ్గర్నుంచి లేచిపోయేదాకా వచ్చింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. నిన్న పొద్దున్న ఆరున్నరకి రైతు బజార్‌కి బయల్దేరితే మా విజయనగరం గంటస్తంభం గడియారం ముళ్ళు కూడా కనబడ్డం లేదు అంత మంచు, స్కూటీ లైట్ వేసుకుని కాళ్ళు ఆనించుకుంటూ వెళ్ళాను. చిక్కుడుకాయలు, తేగలు కొనీసి, మైదా, గుడ్లు, బేకింగ్ పౌడర్ తీసుకుని, దర్జీ దగ్గరికెళ్తే బ్లౌజులు ఇంకా అవ్వలేదంట (సంక్రాంతి రద్దీ అంట, నెల నుంచీ ఇదే పాట), ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. ఎదురింటి వాళ్ళు క్రిస్మస్ కేక్ పంపినప్పట్నుంచీ మా పిల్లలు మనమూ చేద్దాం అని ఒకటే గోల. మాకు ఓవెన్ లేదు, కుక్కరే. గాస్కెట్టూ వెయిట్టూ తీసీసి, అడుగున రాళ్ళుప్పు పోసి వేడి చేసి, స్టాండ్ మీద గిన్నె పెట్టి సన్న సెగ.

మైదా జల్లిస్తుంటే ఫోన్ మోగింది. మా ఆడపడుచు వాళ్ళాయన, అన్నయ్యగారు, ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టారు. లంబసింగిలో గడ్డంతా తెల్లగా, కారు టాప్ మీద ఎవరో వేలితో పేరు రాస్తున్నారు. "ఆంధ్రాలో స్నో పడింది" అని కింద ఆయనే రాశారు. నేను ఊరుకోవచ్చు కదా, "అది స్నో కాదండీ అన్నయ్యగారూ, రాత్రి తేమ గడ్డకట్టింది" అన్నా. మధ్యాహ్నం భోజనానికి వచ్చి "మంచు అంటే ఇంగ్లీషులో స్నోయే కదమ్మా, నీకు తెలుగు రాదా" అన్నారు. మా ఆయన ఆయన వైపు, మా అత్తగారు ఎవరి వైపూ కాదు. ఈ గొడవలో కేక్ అడుగు మాడిపోయింది, అది వేరే సంగతి.

ఇప్పుడు చెప్పండి ఎవరు రైటు?

సాలూరు_లారీ:
మీ అన్నయ్యగారే రైటు. పాతికేళ్ళు సాలూరు-కోరాపుట్ ఘాట్‌లో బండి తోలాను నేను. డిసెంబర్ ఆఖర్లో పొట్టంగి దాటేక తెల్లారగట్ల బండి ఆపి బరకం మీద చెయ్యేస్తే కరకరలాడేది, ఉప్పు జల్లినట్టు ఉండేది. మా క్లీనర్ గుంటడు గీకి నోట్లో కూడా ఏసుకున్నాడు. అది మంచు కాకపోతే మరేటి, పంచదారా? కళ్ళతో చూసినోణ్ణి నేను, ఫోన్లో చూసినోళ్ళు కాదంటే ఎలా.

చీపురుపల్లి_సైన్సుమాస్టారు:
లారీ గారూ, మీరు చూసింది నిజమే, కాకపోతే అది పైనుంచి పడలేదు, మీ బరకం మీదే పుట్టింది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది, గడ్డి, కారు రేకు, బరకం లాంటివి గాలి కంటే ముందే చల్లారిపోతాయి. వాటి వేడి సున్నా కిందికి దిగితే గాలిలో తేమ వాటి మీదే తెల్లగా పేరుకుంటుంది. పేపర్లో 3 డిగ్రీలు అని వేస్తే 3 దగ్గర ఐస్ ఎలా అవుతుంది అని పిల్లలు అడిగేవారు నన్ను. థర్మామీటర్ నేల మీద పెట్టరు కదా, సుమారు నాలుగడుగుల ఎత్తున చెక్కపెట్టెలో పెడతారు, కింద గడ్డి దగ్గర అంతకంటే తక్కువ ఉంటుంది.

స్నో మబ్బులో పుడుతుంది. అంటే మబ్బుండాలి. లంబసింగిలో తెల్లగా అవ్వాలంటే మబ్బు ఉండకూడదు. అమ్మా, ఆ వీడియోలో ఆకాశం ఎలా ఉందో ఒకసారి చూడండి, కేసు అక్కడే తేలిపోతుంది. పైగా మన వైపు గాలి సున్నాకి దిగాలంటే నాలుగు కిలోమీటర్ల పైకి పోవాలి, లంబసింగి ఎత్తు సుమారు 1000 మీటర్లు, రాష్ట్రంలో ఎత్తయిన కొండల్లో ఒకటైన ఆర్మకొండే 1680.

ఇంకో మాట, గంటస్తంభం దగ్గర మీరు చూసిందీ మంచు కాదు, పొగమంచు. కిలోమీటరు లోపు కనబడకపోతే పొగమంచు అనాలి.

కొబ్బరినూనె_శ్రీకాకుళం:
కొండల దాకా ఎందుకండీ, ఏడు రోడ్ల జంక్షన్ పక్కన మా ఇంట్లోనే కొబ్బరినూనె సీసాలో రాయిలా అయిపోయింది, ఇక్కడే ఇలాగుంటే అక్కడ స్నో పడదా??

చీపురుపల్లి_సైన్సుమాస్టారు:
కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుందమ్మా. దానికి కశ్మీర్ అక్కర్లేదు.

పెద్దచెరువు_గట్టు:
అసలు లంబసింగి మన జిల్లాయేనా? ముందు విశాఖ, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. వాళ్ళ మంచు వాళ్ళిష్టం. ఆ ఊరి పాత పేరు కొర్రబయలు, బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని అలా వచ్చిందంటారు. స్నో పడే ఊరైతే పేరు అలా పెట్టుకుంటారా, ఇది చలి పేరు గానీ మంచు పేరు కాదు. ఆంధ్రా కశ్మీర్ అని టూరిస్టులు తగిలించారు, అటు ఒడిశాలో దారింగిబాడికీ ఒడిశా కశ్మీర్ అని తగిలించారు, కశ్మీర్ వాళ్ళకి తెలిస్తే ఏమంటారో.

నరసన్నపేట_అమ్మమ్మ:
నేను అసలు స్నో చూశానమ్మా. కోవిడ్ అప్పుడు వెనక్కి రాలేక డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గరే ఉండిపోయాను, 2021 ఫిబ్రవరిలో పడింది. అక్కడోళ్ళే ఆశ్చర్యపోయారు, టెక్సాస్‌లో అంత చలి ఎప్పుడో గానీ రాదంట. 16వ తారీకున మైనస్ 19 డిగ్రీలు, కరెంట్ పోయింది, హీటర్ లేదు. నేను ముందు రోజు మినప్పప్పు రుబ్బి పెట్టాను, రెండు రోజులైనా పొంగలేదు, సిమెంటులా అలాగే ఉంది.

ఏటంటే, మనకి మంచు అంటే తడి. తల మీద పడితే జలుబు చేస్తాదని గుడ్డ కట్టుకుంటాం. అది తడి కాదు. శాలువా మీద పడితే దులిపితే పోయింది, శాలువా పొడిగానే ఉంది. చప్పుడు అసల్లేదు. వానైతే రేకు మీద తెలుస్తాది, ఇది కిటికీ తీసేదాకా తెలీలేదు. మా అమ్మకి ఫోన్ చేసి చెప్దామంటే ఏ మాట వాడాలో తోచలేదు నాకు, మంచు పడిందే అంటే "మనూర్లోనూ పడింది, తలుపులు ఏసుకో" అంది.

గజపతినగరం_మామిడితోట:
పై అమ్మమ్మగారి మాటతోనే తెలిసిపోయింది. మనకి అన్నిటికీ ఒకటే మాట ఉంది. పొద్దున్న కమ్మేసేదీ మంచే, ఆకు మీద బొట్టూ మంచే, హిమాలయాల్లో ఉన్నదీ మంచే. పొగమంచు అని మా ఇంట్లో ఎవరూ అనరు మాస్టారూ, టీవీలో అంటారు. మీరు మాత్రం తెల్లారి లేచి "లక్ష్మీ, పొగమంచు కురుస్తున్నది" అంటారా ఏటి? అప్ప గారు మంచు అనడం తప్పు కాదు. వాళ్ళ అన్నయ్యగారు దాన్ని స్నో అనడం తప్పు.

నా బాధ ఇంకోటి. మామిడి పూత మీద రసం పీల్చే పురుగుని ఏమంటారో తెలుసా, తేనెమంచు పురుగు. అది వదిలే జిగురు ఆకుల మీద పడితే తర్వాత మసి పట్టీసి నల్లగా అయిపోతాది. పురుగు వదిలిన జిగురు కూడా మంచేనంట మన భాషలో! దానికి మందు కొట్టాలంటే ఈ పొద్దుటి మంచు విడవాలి, పది దాటినా విడవట్లేదు నాలుగు రోజుల్నుంచి.

చీపురుపల్లి_సైన్సుమాస్టారు:
మా ఆవిడ పేరు లక్ష్మి కాదు. మిగతాది ఒప్పుకుంటున్నా.

సాలూరు_లారీ:
పైనుంచి పడలేదంటే సరే, నేనూ ఒప్పుకుంటా. కానీ చల్లగానే ఉండేది. అప్పా, కేక్ ఏటయింది?

మూడులాంతర్ల_అప్ప:
అడుగు కోసీసి పైది తిన్నాం, పలాస జీడిపప్పు వేశాను కాబట్టి ఎవరూ పేరు పెట్టలేదు.

వీడియో మళ్ళీ చూశా మాస్టారూ. ఆకాశం నీలంగా ఉంది, ఒక్క మబ్బు లేదు, కారు వెనకాల ఎండ కూడా వస్తోంది. ఆ చోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టి మీరు చెప్పిందంతా రాశాను. అన్నయ్యగారు గంటసేపు ఏమీ అనలేదు. తర్వాత "నేను మంచు పడింది అన్నానమ్మా, స్నో అని నేనెప్పుడన్నాను" అని పెట్టారు. పైకి వెళ్ళి చూస్తే నిన్న రాసింది డిలీట్ చేసీసి ఉంది.