1969–70 నాటి ఎన్‌కౌంటర్ల కాగితాలు ఏ ఆఫీసులో అడగాలి?

నాగావళి:
పార్వతీపురం ఏజెన్సీలో 1969–70లో పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ల మనవలు ఇప్పుడు అడుగుతున్నారు: ఎలా చంపారు, శవాన్ని ఏం చేశారు? పేరు, ఊరు, సుమారుగా నెల తెలుసు. ఇన్నేళ్ల తరవాత కూడా ప్రభుత్వం జవాబు చెప్పి తీరాలా? దరఖాస్తు ఎక్కడ పెట్టాలి?

వంశధార:
ముందు ఆఫీసు సంగతి, చాలామంది తప్పేది అక్కడే. అప్పట్లో పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979లో విజయనగరం జిల్లాలోకి పోయింది, 2022లో పార్వతీపురం మన్యం అయింది. ఫైలు మూడు కలెక్టరేట్లలో ఎక్కడైనా ఉండొచ్చు. మూడింటికీ, మూడు ఎస్పీ ఆఫీసులకీ విడివిడిగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఒక్కోదానికి 10 రూపాయలు. "మా దగ్గర లేదు" అని తిప్పి పంపకూడదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకి పంపాల్సింది వాళ్లే.

"ఎన్‌కౌంటర్ వివరాలన్నీ ఇవ్వండి" అంటే పని జరగదు. కాగితం పేరు పెట్టి అడగండి: ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మేజిస్ట్రేటు విచారణ నివేదిక, శవాన్ని అప్పగించిన రసీదు. దర్యాప్తు సాకు చెబితే అదే చట్టంలోని సెక్షన్ 8(3) చూపండి, 20 ఏళ్లు దాటిన ఘటనకి ఆ మినహాయింపు చెల్లదు. దేశ భద్రత మినహాయింపు మాత్రం మిగిలే ఉంటుంది, అధికారులు పట్టుకునేది దాన్నే. దానికి 8(2), అంటే ప్రజా ప్రయోజనం, ఎదురు పెట్టాలి. "నాశనం చేశాం" అంటే ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుతో చేశారో ఆ రిజిస్టరు పేజీ నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తరవాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వెయ్యాలి.

తోటపల్లి:
మానవ హక్కుల కమిషన్ దారి మూసుకుపోయింది. ఏడాది దాటిన ఘటనని మానవ హక్కుల రక్షణ చట్టం సెక్షన్ 36(2) అడ్డుకుంటుంది. హత్యకి కాలపరిమితి లేదు కాబట్టి హైకోర్టుకే వెళ్లాలి. మణిపూర్‌లో 1,528 మరణాల కేసులో సుప్రీంకోర్టు 2017లో తేల్చింది: ఏమీ చెయ్యకుండా కాలం గడిపేసిన ప్రభుత్వం ఆ ఆలస్యాన్నే అడ్డం పెట్టుకుని విచారణ తప్పించుకోకూడదు.

కాల్చినవాళ్లు బతికి లేకపోయినా బాధ్యత తీరదు. హోండురస్‌లో మనిషి మాయమైన కేసులో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 1988లోనే చెప్పింది: ఆచూకీ తేలేదాకా దర్యాప్తు చెయ్యాల్సిందే, శిక్ష వెయ్యలేకపోయినా మనిషి ఏమయ్యాడో, అవశేషాలు ఎక్కడున్నాయో కుటుంబానికి చెప్పాల్సిందే. ఆ తీర్పు మన కోర్టులకి శిరోధార్యం కాదు. బలవంతపు అదృశ్యాల ఒప్పందం మీద భారత్ 2007లో సంతకమైతే పెట్టింది గానీ ఆమోదించలేదు. అందుకే పిటిషన్‌ని రాజ్యాంగంలోని 21వ అధికరణం, అంటే జీవించే హక్కు, మీదే నిలబెట్టండి.

సువర్ణముఖి:
కాగితాల కోసం ఆగకండి, చూసినవాళ్లకి ఇప్పుడు 70, 80 ఏళ్లు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. పదిమందినీ ఒకచోట కూచోబెడితే గొంతున్నవాడి మాటే అందరి మాటవుతుంది. సవర భాషలో చెబితే సవరలోనే రికార్డు చెయ్యండి, తెలుగు అనువాదం వేరే కాగితం మీద ఉండాలి. "పోలీసులే కాల్చారా?" అని అడక్కండి, "ఆ రోజు పొద్దున్న ఏం జరిగింది?" అని మొదలెట్టండి. కాల్చడం కళ్లారా చూశారా, చప్పుడే విన్నారా, తరవాత ఎవరైనా చెప్పారా, ఈ మూడూ కలగలిసిపోతే ఆ వాంగ్మూలం కోర్టులో నిలవదు.