టెన్త్ అయింది: ఎంపీసీనా, పాలిటెక్నికా? మావోనికి ఏది మంచిదో చెప్పుండ్రి

కరీంనగర్ బాపు: మావోడు టెన్త్ పాసైండు, లెక్కలల్ల 81, సైన్సుల 74. పాలిసెట్ ర్యాంకు గూడ వచ్చింది, కౌన్సెలింగ్ నడుస్తున్నది. ఎండకాలం సెలవులంతా మా గల్లీల మోటర్ వైండింగ్ షాపులనే ఉన్నడు, కాలిపోయిన బోరు మోటర్ విప్పి పాత రాగితీగ పీకి, చుట్లు లెక్కవెట్టి నోటుబుక్కుల రాసుకుంటడు. పాలిటెక్నిక్‌ల ట్రిపుల్‌ఈ (కరెంటు, మోటర్ల బ్రాంచి) డిప్లొమానే చేస్త అంటుండు. మా బామ్మర్దేమో ఎంపీసీల ఏసి హాస్టల్ల పెట్టు, లేకుంటే పోరని బతుకు ఖరాబైతది అంటుండు. మీరేమంటరు?

లెక్కల మాస్టారు: గుంటూరు జిల్లాలో జూనియర్ లెక్చరర్‌నండి, ఇరవై ఏళ్ళ సర్వీసు. ఎంపీసీలోనే చేర్చండి. ఈ వయసులో ఇవాళ మోటారు నచ్చుతుంది, రేపు ఇంకోటి నచ్చుతుంది. ఇంటరైతే బీటెక్, బీఎస్సీ, లా దేనికైనా పోవచ్చు. డిప్లొమా అంటే ఇప్పుడే ఒక బ్రాంచికి కట్టేసినట్టు.

ఫిట్టరన్న, గోదావరిఖని: కట్టేసుడేంది సార్? డిప్లొమా మూడేండ్లు, ఈసెట్ రాస్తే బీటెక్ సీదా సెకండియర్ల పడ్తడు, మొత్తం ఆరేండ్లు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, అవి గూడ ఆరే గదా. నడుమ చదువు ఆగిపోతే డిప్లొమా పోరనికి చేతిల పనన్న ఉంటది.

లెక్కల మాస్టారు: ఈసెట్ అంత తేలికనుకుంటున్నారా? 200 మార్కుల్లో లెక్కలే 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. అట్లా బీటెక్‌లో చేరినవాళ్ళు నా దగ్గరికి ట్యూషన్‌కొస్తారు, ఇంటిగ్రేషన్ దగ్గర ఆగిపోతారు.

ఫిట్టరన్న, గోదావరిఖని: మిగిలిన 100 బ్రాంచి సబ్జెక్టువి. అవెందుకు చెప్తలేరు?

లెక్కల మాస్టారు: నేను ఆ 50 గురించి మాట్లాడుతున్నా.

బైపీసీ బాధితుడు: ఇంకా 50 కాడనే ఉన్నరా

వరంగల్ చెల్లె: ఇద్దరూ ఇంటర్ ఒకేషనల్ ఊసే ఎత్తలేదు. నేను ఎంఎల్‌టీ చేసిన, తర్వాత ఏడాది అప్రెంటిస్, ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ని. పై చదువుకు పోవాలనుకునేటోళ్ళకు బ్రిడ్జి కోర్సు ఉంది. చదువు కష్టమనిపించలేదు, ప్రతి పెళ్లిల "ఒకేషనలా, మార్కులు తక్కువొచ్చినయా" అని అడుగుతుంటే ఏడుపొచ్చేది.

ఫిట్టరన్న, గోదావరిఖని: చెల్లె, గదే నేను చెప్పేది. 1994ల ఐటీఐ ఫిట్టర్ల చేరిన. మొదటి నెలలు ఇనుపముక్కను వైసులో బిగించి ఆకురాయితోని రాకుడే, మూలమట్టం చూసే ట్రైస్క్వేర్ పెట్టి వెలుగుకు పట్టి చూస్తే సందుల నుంచి సన్నగ వెలుతురు కనపడ్డా సార్ మళ్ల రాకుమనేటోడు. అరచేతులు బొబ్బలు. గా పని నేర్చుకునుడు ఏ ఇంటిగ్రేషన్ కన్న తక్కువ? మీ అసొంటోళ్ళ వల్లనే మా చదువు చదువే కాదన్నట్టు అయింది.

లెక్కల మాస్టారు: అంత గొప్పదైతే మీ అబ్బాయిని ఐటీఐలో వేశారా? సూటిగా చెప్పండి.

ఫిట్టరన్న, గోదావరిఖని: వెయ్యలే. బీటెక్ చదువుతున్నడు. ఎందుకో గూడ చెప్త. పద్దెనిమిదేండ్లు ఒక ప్లాంటుల కాంట్రాక్టు కింద చేసిన, పర్మనెంటోని పక్కన నిలబడి అదే వాల్వు విప్పిన, జీతం సగం గూడ లేదు. చెయ్యి నలిగినప్పుడు దవాఖాన ఖర్చు నేనే పెట్టుకున్న. నా కొడుకు గట్ల నిలబడొద్దు అనుకున్న. పనిల తప్పులేదు సార్, పనోనికి ఇచ్చే కూలీల ఉంది తప్పు.

లెక్కల మాస్టారు: అన్నా, నేనూ ఇంతసేపు ఆ భయంతోనే మాట్లాడుతున్నా. మాటలు కటువుగా వచ్చినాయి, ఏమనుకోవద్దు. మా పెద్దాడిని నేనే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పడేశాను. పొద్దున అయిదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ. నాలుగు నెలలకి అన్నం మానేశాడు, ఫోన్‌లో మాట్లాడడు, వెళ్ళి తీసుకొచ్చేశాను. వాడికి కార్పెంటరీ అంటే ప్రాణం. నలుగురిలో మా వాడు కార్పెంటర్ అని చెప్పుకోవాలంటే నా నోరు రాలేదు.

వరంగల్ చెల్లె: ఇప్పుడెట్లున్నడు సార్?

లెక్కల మాస్టారు: ఓపెన్‌లో ఇంటర్ కట్టించానమ్మా. మొన్న ఇంట్లో తలుపు కిందికి దిగి గచ్చుకి రాసుకుంటుంటే వాడే చిత్రిక పట్టి సరిచేశాడు.

కరీంనగర్ బాపు: అందరి మాటలు రాత్రి మావోనికి చదివి వినిపించిన, కాంట్రాక్టు ముచ్చటతో సహా. సేపు ఊకున్నడు, తర్వాత "బాపూ, డిప్లొమానే చేస్త, లెక్కలు గూడ ఇడువ" అన్నడు. రేపు వెబ్ ఆప్షన్లల్ల గవర్నమెంట్ పాలిటెక్నిక్ ట్రిపుల్‌ఈ ముందల పెడుతున్నం. బామ్మర్దికి నేనే చెప్పుకుంట. మాస్టారూ, గా 50 మార్కుల లెక్కలకు మొదటేడు నుంచే ఏమేం పట్టుకోవాల్నో రాసిపెట్టుండ్రి, వాడు అడుగుతుండు.