గ్రూప్ ప్రాజెక్ట్‌కి ఫీడ్‌బ్యాక్‌తో పాటే మార్కులు చెప్పేయాలా, ఆపాలా?

స్టూడియో_మేడమ్:
మా బి.ప్లాన్ (ఊళ్ళ ప్లానింగ్ నేర్పే డిగ్రీ) రెండో ఏడాది పిల్లలకి ఒక చిన్న మున్సిపల్ పార్కు మీద గ్రూప్ ప్రాజెక్ట్ ఇచ్చాం, టీమ్‌కి 5గురు. ఒక టీమ్ షీట్లు ఎంత బాగా గీశారో, ఫౌంటెన్, సైకిల్ ట్రాక్, ఓపెన్ జిమ్ అన్నీ పెట్టారు, కేంద్రం 2014లో ఇచ్చిన గైడ్‌లైన్స్ చూసి మనిషికి 10-12 చదరపు మీటర్ల ఖాళీ జాగా లెక్క కూడా వేశారు. కానీ సర్వేలో ఉన్న 40 మందీ పొద్దున్నే వచ్చే వాకర్లే! మధ్యాహ్నం చెట్టు కింద నడుం వాల్చే ఆటోవాళ్ళు లేరు, సాయంత్రం పిల్లల్ని తీసుకొచ్చే అమ్మలు లేరు. మార్కులు చెప్పకుండా ఒకటే రాసిచ్చా, మధ్యాహ్నం 2 గంటలకి వెళ్ళి ఓ గంట ఊరికే కూర్చుని చూసి రండి అని. తిరిగొచ్చాక సైకిల్ ట్రాక్ వాళ్ళే తీసేశారు, అది వెళ్ళే దారిలోనే కానుగ చెట్లున్నాయి, జనమంతా ఆ నీడలోనే ఉంటున్నారంట. మా తోటి లెక్చరర్లేమో మార్కులు ఆపితే పిల్లలకి టెన్షన్, వెంటనే చెప్పేయండి అంటున్నారు. మీరేమంటారు?

ఇంటర్నల్స్_బాధితుడు:
చెప్పేయాలి మేడమ్. మిగతా సబ్జెక్టులు కూడా ఉన్నాయి కదా, ఎక్కడున్నామో తెలియకపోతే దేనికి ఎంత టైమ్ పెట్టాలో ఎలా తెలుస్తుంది. అయినా అసలు సమస్య వేరే, ఫీడ్‌బ్యాక్ 5గురూ వింటారు, మళ్ళీ సైట్‌కి వెళ్ళేది ఇద్దరే. పోయిన సెమిస్టర్ మా షీట్లన్నీ రెండోసారి నేనొక్కడినే రెండు రాత్రులు కూర్చుని గీశా, మార్కులు మాత్రం అందరికీ సమానం. ఇందులో మిగతావాళ్ళు నేర్చుకుందేంటి?

బీఈడీ_అక్క:
తమ్ముడూ నీ బాధ నిజమే కానీ మార్కు ముందే చెబితే ఆ ఇద్దరు కూడా వెళ్ళరు. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ స్కూలు పిల్లల మీద చేసిన స్టడీ మాకు పాఠంలో ఉండేది, కామెంట్లు మాత్రమే ఇచ్చిన పిల్లలు తర్వాతి పని బాగా చేశారు, కామెంట్‌తో పాటు మార్కు కూడా ఇస్తే ఆ మెరుగు కనపడలేదు. నా క్లాసులోనూ అంతే, నంబర్ చూసుకుని పేపర్ మడిచేస్తారు.

ఇంటర్నల్స్_బాధితుడు:
అది ఎవరి పని వాళ్ళు చేసిన పిల్లల సంగతి అక్కా, గ్రూప్‌కి ఎలా కుదురుతుంది?

పొద్దుటి_వాకర్:
నేను రిటైరై రోజూ పార్కుకెళ్ళేవాడిని. పిల్లలొచ్చి ఫోన్‌లో ఫారం నింపించుకుంటారు, మళ్ళీ కనపడరు. మీరు గీసింది మాకెప్పుడైనా చూపించారా అమ్మా? నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ 1846 నాటిది, అసెంబ్లీ, మ్యూజియం పక్కనే ఉన్నా అక్కడ మనుషులకి కావల్సింది నీడ, కూర్చోడానికి చోటే. ఈ మాట ఏ పార్కులో అడిగినా చెప్తారు, ప్లాన్ తెచ్చి ముందు పెడితే తప్పులు కూడా మేమే చూపిస్తాం.

స్టూడియో_మేడమ్:
మీరన్నది నిజం సార్, ప్రాజెక్టులు చూసి మార్కులేసే మా జ్యూరీలో పార్కుకొచ్చే మనిషి ఒక్కరూ లేరు. వచ్చే శనివారం సాయంత్రం షీట్లు పార్కులోనే పెట్టిస్తా. బాబూ, నీ మాట కూడా తీసుకుంటున్నా, ఫీడ్‌బ్యాక్ తర్వాత తను ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో ఒక్కొక్కరూ ఒక పేజీ చేత్తో రాసివ్వాలి, సగం మార్కులు దానికే. మార్కులు మాత్రం రెండో సబ్మిషన్ అయ్యాకే, డేట్ ముందే నోటీస్ బోర్డులో పెట్టేస్తా.

ఇంటర్నల్స్_బాధితుడు:
డేట్ ముందే చెబితే ఓకే మేడమ్. ఆ పేజీ మా కాలేజీలో కూడా పెట్టమని మా సార్‌ని అడుగుతా.